షార్ట్ ఉంది సరే, ఎక్కడుంది?

ఇంట్లో చేసుకున్న సర్క్యూట్ బోర్డులో లోపం వెతికే పద్ధతులపై ఒక సమీక్ష

ఆదిలాబాద్ జిల్లా బోథ్ చుట్టుపక్కల పత్తి, సోయా చేలల్లో తిరిగితే బోరు మోటార్ల పక్కన స్టార్టర్ డబ్బాలు కనిపిస్తాయి. కరెంటు విడతలుగా, రాత్రిపూట వచ్చిన రోజుల్లో రైతులు వాటికి ఆటో స్టార్టర్లు తగిలించుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగేది. తెలంగాణ ప్రభుత్వం 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టి, భూగర్భజలం తోడేస్తున్నాయని ఆటో స్టార్టర్లను తీసేయమంది. అవి పోయినా బోర్డుల అవసరం పోలేదు. బావిలో నీరు తగ్గితే మోటారు ఆపేదొకటి, మూడు ఫేజుల్లో ఒకటి పోతే కాపాడేదొకటి, ఫోను కొడితే నడిపేదొకటి, ఇలా ఏదో ఒకటి కావాల్సే ఉంటుంది.

ఇలాంటి బోర్డు కంపెనీదే కానక్కర్లేదు. రాగి పూత ఉన్న షీటు ముక్క, లేజర్ ప్రింటు, ఇస్త్రీపెట్టె, ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం ఉంటే డిప్లొమా చదివే పిల్లవాడో, మోటారు వైండింగ్ షాపులో కుర్రాడో సొంతంగా చేసుకోవచ్చు. వియన్నాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన పాల్ ఐస్లర్ 1936లో అచ్చు సర్క్యూట్‌తో రేడియో చేసినప్పటి నుంచి మూల సూత్రం మారలేదు. రాగి రేకు మీద కావాల్సిన గీతలను కప్పి, మిగతాది కరిగించడమే ఆ సూత్రం.

చిక్కల్లా కరగాల్సింది కరగకపోతే వస్తుంది. బోర్డు పూర్తయ్యాక మీటరు పెడితే ప్లస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య బీప్ మోగుతుంది. షార్ట్ ఉందని తెలిసిపోయింది. ఎక్కడుందో మాత్రం బీప్ చెప్పదు. వాడుకలో ఉన్న పద్ధతులన్నింటినీ ఈ ఒక్క ప్రశ్నతో తూచి చూడటమే ఈ వ్యాసం పని.

రాగి మిగిలిన చోట, సోల్డర్ జారిన చోట

ముందు షార్ట్‌లు ఎలా పుడతాయో చూద్దాం. ఇంటి బోర్డులో మొదటి అనుమానం రాగి మీదే. టోనరు అంటించేటప్పుడు ఇస్త్రీపెట్టె ఎక్కువ నొక్కితే గీతలు పక్కకు పాకుతాయి. షీటు మీద వేలిముద్రల జిడ్డుంటే అక్కడ ద్రావణం రాగిని సరిగా తినదు. పాతబడిన, చల్లబడిన ద్రావణం నెమ్మదిగా పనిచేస్తుంది, తొందరపడి బోర్డు బయటికి తీస్తే రెండు గీతల మధ్య వెంట్రుకంత రాగి మిగులుతుంది. కాళ్లకు రంధ్రాలు వేసేటప్పుడు డ్రిల్లు అంచున లేచే రాగి పొట్టు కూడా పక్క గీతను తాకుతుంది.

రెండోది సోల్డర్. ఫ్యాక్టరీ బోర్డు మీద ఆకుపచ్చ పూత ఉంటుంది కాబట్టి సోల్డర్ ప్యాడ్ దాటి పోదు. ఇంటి బోర్డుకు ఆ రక్ష లేదు. ఐసీ కాళ్ల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లే, ప్యాడ్లు పోను మిగిలే సందు మిల్లీమీటరు కూడా ఉండదు. చెయ్యి కాస్త వణికితే చాలు.

మూడోది అమరిక తప్పు. ఇది బోర్డు మీద ఎంత వెతికినా దొరకదు. అచ్చు తిరగబడిందనుకోండి, 555 ఐసీలో ఎదురెదురుగా ఉండే ఒకటో కాలు, ఎనిమిదో కాలు తారుమారవుతాయి. ఒకటోది గ్రౌండ్, ఎనిమిదోది సప్లై. అంటే ఐసీకి కరెంటు ఎదురెక్కి క్షణాల్లో కాలుతుంది. 7805 కాళ్ల వరస ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్ అయితే, దాని జోడీ 7905కి గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. ఎల్ఎం317ది ఇంకో వరస. అంతేకాదు, 7805 వీపున ఉండే లోహపు పలక గ్రౌండ్, ఎల్ఎం317 వీపు పలక అవుట్‌పుట్. రెండింటినీ అభ్రకం ముక్క పెట్టకుండా ఒకే హీట్ సింకుకు బిగిస్తే, గీతలన్నీ నిక్షేపంగా ఉన్నా షార్టే.

నాలుగోది తడి. కడగని ఫెర్రిక్ క్లోరైడ్, సోల్డర్ పేస్టు మిగులు వానాకాలపు చెమ్మను పీల్చుకుని వేల ఓముల దారి తెరుస్తాయి. ఇది పూర్తి షార్ట్ కాదు, లీకేజీ. ఎండాకాలం పనిచేసిన నీటిమట్టం బోర్డు శ్రావణంలో పిచ్చిగా ప్రవర్తిస్తే ముందు దీన్నే అనుమానించాలి.

బీప్ చెప్పేదెంత

అందరూ మొదట పట్టుకునేది మల్టీమీటరు బీప్. దాని హద్దులు తెలిసినవాళ్లు తక్కువ. చాలా మీటర్లు 30 నుంచి 50 ఓముల లోపు ఏది తగిలినా మోగుతాయి. చిన్న మోటారు, చల్లారిన బల్బు ఫిలమెంటు కూడా మోగిస్తాయి. పెద్ద కెపాసిటర్ ఒకసారి మోగించి ఊరుకుంటుంది. కాబట్టి బీప్ రాగానే షార్ట్ అని తీర్మానించకుండా డయోడ్ గుర్తుకు తిప్పి, ప్రోబులు అటూ ఇటూ మార్చి చూడాలి. ఒక వైపు సున్నా దాటి 0.5, 0.6 అంకె చూపిస్తే అది డయోడ్ స్వభావం, అంటే ఐసీయో డయోడో తిరగబడి ఉండొచ్చు. రెండు వైపులా సున్నా చూపిస్తేనే అసలు షార్ట్.

ఓముల రేంజికి మారితే చోటు తెలుస్తుందా? మామూలు పసుపు రంగు మీటరు 200 ఓముల రేంజిలో చూపగల అతి చిన్న తేడా 0.1 ఓము. రాగి పూత మందం సాధారణంగా 35 మైక్రాన్లు. ఆ మందంలో మిల్లీమీటరు వెడల్పు గీత ఒక్కో మిల్లీమీటరు పొడవుకు దాదాపు అర మిల్లీఓము అడ్డుకుంటుంది. అంటే 0.1 ఓము తేడా రావాలంటే గీత 20 సెంటీమీటర్ల పొడవుండాలి. అరచేతి బోర్డులో అంత గీతే ఉండదు. పైగా మీటరు వైర్ల నిరోధమే అంతకన్నా ఎక్కువ. బీప్ అయినా, ఓములైనా 'ఉందా' అన్నదానికి జవాబిస్తాయి, 'ఎక్కడ' అన్నదానికి కాదు.

కళ్లూ వెలుతురూ

ఖర్చు లేని పద్ధతి చూడటం. ఇంటి బోర్డుకు ఇది ఫ్యాక్టరీ బోర్డుకన్నా బాగా పనికొస్తుంది, ఎందుకంటే గీతలన్నీ ఒక్క వైపే, బట్టబయలుగా ఉంటాయి. గ్లాస్ ఎపాక్సీ షీటు అయితే కింద ఫోను టార్చి పెట్టి చూడాలి. వెలుతురు దూరి వచ్చే సందుల్లో రాగి పోగులు నల్లటి గీతల్లా తేలతాయి. గోధుమ రంగు హైలం షీటు గుండా వెలుతురు అంతగా రాదు కాబట్టి దానికి ఏటవాలుగా పక్క నుంచి టార్చి కొట్టి, ఫోను కెమెరా జూమ్‌లో చూసుకోవాలి. పక్కనే అచ్చు కాగితం పెట్టుకుని గీత గీతకూ సరిపోల్చుకోవడం ఇంకా మేలు.

దీని లోటేమిటంటే, కంటికి అనుమానం ఎక్కడ కలిగితే అక్కడే ఆగుతుంది. తళతళలాడే సోల్డర్ ముద్దలు నేరం చేసినట్టు కనిపిస్తాయి, నిజంగా చేసిన వెంట్రుక పోగు ఐసీ సాకెట్ కింద నక్కి ఉంటుంది. సందుల్లో కత్తి మొనతోనో ఆక్సా బ్లేడు కొసతోనో ఒకసారి గీరి, పాత టూత్ బ్రష్‌తో స్పిరిట్ పెట్టి కడిగితే చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. తేలకపోతే కొలతకు దిగాలి.

విడగొట్టి చూడటం

పాత రేడియో మెకానిక్‌ల పద్ధతి ఇది. సప్లై గీతను మధ్యలో తెంపి, ఏ సగంలో షార్ట్ ఉందో చూసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేయడం. పదహారు భాగాలున్న బోర్డులోనైనా నాలుగు కోతల్లో తేలిపోతుంది. తర్కంలో ఎక్కడా వంక లేదు. నొప్పల్లా కోసిన గీతలను మళ్లీ అతకాల్సి రావడమే. హైలం మీద రాగి వేడికి త్వరగా లేస్తుంది, ఒకటికి రెండుసార్లు ఐరన్ పెడితే ప్యాడే ఊడి వస్తుంది. విడిభాగాలను ఒక్కొక్కటిగా పీకి చూడటంలోనూ ఇదే నష్టం.

ఒక్క వైపు బోర్డుకు ఇక్కడో వెసులుబాటుంది. గీతలు ఒకదాన్నొకటి దాటలేవు కాబట్టి ఎలాగూ పైనుంచి జంపర్ వైర్లు వేస్తాం. డిజైన్ గీసేటప్పుడే ఒక్కో భాగానికి, అంటే రిలేలకు, ఐసీకి, సెన్సార్‌కు వెళ్లే సప్లైని ఒక జంపర్ గుండా పోనిస్తే సరి. తర్వాత ఏ రోజు షార్ట్ వచ్చినా రాగి తెంపే పని లేదు, జంపర్ ఒక కాలు లేపి చూస్తే చాలు. అప్పుడు ఈ పద్ధతి 'ఏ భాగంలో' అన్నదానికి శుభ్రంగా జవాబిస్తుంది. 'ఏ మిల్లీమీటరులో' అన్నది మాత్రం మిగిలే ఉంటుంది.

వేడి వెంట పోవడం

హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ వంటి చోట్ల ఫోన్ల రిపేరు చేసేవాళ్లు షార్ట్‌ను వేడితో పట్టుకుంటారు. బోర్డుకు రాజనం పొగ పట్టిస్తే తెల్లటి పొరలా పరుచుకుంటుంది, కొద్ది వోల్టుల మీద కరెంటు ఎక్కిస్తే వేడెక్కిన కెపాసిటర్ దగ్గర అది కరిగి పారదర్శకమవుతుంది. థర్మల్ కెమెరా ఉన్నవాళ్లు అదే చూస్తారు. స్పిరిట్ పూసి ఎక్కడ ముందు ఆరుతుందో చూడటం, ఏటీఎం చీటీలాంటి థర్మల్ కాగితం పరిచి ఎక్కడ నల్లబడుతుందో చూడటం చౌక రూపాలు.

ఫోన్లలో ఇంత బాగా పనిచేసేది ఇంటి బోర్డులో తరచు ఎందుకు విఫలమవుతుంది? కారణం లెక్కలోనే ఉంది. వేడి పుట్టేది కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించినంత. పాడైన కెపాసిటరో ఐసీయో ఒక ఓము నిరోధంతో షార్ట్ అయితే, ఒక ఆంపియరుకు ఒక వాటు వేడి అక్కడే పుడుతుంది, వేలికి చుర్రుమంటుంది. గట్టి రాగి వంతెన నిరోధం అర మిల్లీఓము. అదే ఆంపియరుకు దాని దగ్గర పుట్టేది అర మిల్లీవాటు, ఏ కాగితమూ నల్లబడదు. దోషి చల్లగా ఉంటే, దానికి కరెంటు మోసిన సన్న గీతలు వెచ్చబడి మనల్ని దారి తప్పిస్తాయి. థర్మల్ కెమెరాకు ఇంకో బలహీనత ఉంది. మెరిసే రాగి, సోల్డర్ తమ వేడిని సరిగా చూపక చుట్టుపక్కల వేడిని అద్దంలా ప్రతిబింబిస్తాయి. కాబట్టి వేడి పద్ధతి చెడిన విడిభాగానికి తగినది, తయారీలో మిగిలిన రాగికి కాదు.

మిల్లీవోల్టుల దారి

ఇక మిగిలింది నాకు అన్నింటికన్నా మేలనిపించేది, మన దగ్గర అన్నింటికన్నా తక్కువగా వాడేది. ఓములు కొలవడం మాని, షార్ట్ గుండా తెలిసిన కరెంటు పంపి, గీత వెంట వోల్టేజి ఎంతెంత పడుతోందో కొలవడం. కరెంటుకు ఒక జత వైర్లు, కొలతకు వేరే జత వాడటం లార్డ్ కెల్విన్ 19వ శతాబ్దంలో చూపిన దారే. మీటరు వైర్ల నిరోధం అప్పుడు లెక్కలోకే రాదు.

పైన చెప్పిన పసుపు మీటరునే 200 మిల్లీవోల్టుల రేంజికి తిప్పండి. అది 0.1 మిల్లీవోల్టు తేడా చూపుతుంది. గీతలో ఒక ఆంపియరు పారుతుంటే మిల్లీమీటరుకు అర మిల్లీవోల్టు పడుతుంది. అంటే ఓముల రేంజిలో 20 సెంటీమీటర్లను గుర్తించలేని మీటరు, ఇక్కడ లెక్క ప్రకారం మిల్లీమీటరులో అయిదో వంతును గుర్తిస్తుంది. ప్రోబు మొన మందం, చేతి కదలిక తీసేసినా ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపు చేరుకుంటాం.

డ్రిప్ పైపు ఎక్కడ పగిలిందో రైతు చూసే తీరే ఇది. పగులు దాకా ఒత్తిడి తగ్గుతూ వస్తుంది, పగులు దాటాక ఇక మారదు. ఒక ఉదాహరణ బోర్డు మీద చూద్దాం. నీటిమట్టం బోర్డు, 12 వోల్టుల సప్లై, 555 ఐసీ ఒకటి, రిలేలు రెండు, గీత వెడల్పు మిల్లీమీటరు. సప్లై చొరబడే చోట ఒక ఆంపియరు ఇచ్చి, మీటరు నల్ల ప్రోబును గ్రౌండ్ చొరబడే చోట ఆనించి, ఎర్ర ప్రోబుతో ప్లస్ గీత వెంట నడిచారు. మొదట్లో 62 మిల్లీవోల్టులు. మొదటి రిలే దగ్గర 40. 555 ఎనిమిదో కాలు దగ్గర 27. రెండో రిలే దగ్గరా 27, చివరి ఎల్ఈడీ దగ్గరా 27. అంటే 555 దాటి కరెంటు పోవడం లేదు. ఇప్పుడు ఎర్ర ప్రోబును ఎనిమిదో కాలు మీదే ఉంచి, నల్లదాన్ని గ్రౌండ్ గీత వెంట నడిపితే ఒకటో కాలు దగ్గర 3కి దిగి, ఆ తర్వాత మారలేదు. రెండు కాళ్లకూ దగ్గరగా ఉన్నది 104 కెపాసిటర్ ఒక్కటే. దాని రెండు ప్యాడ్ల మీద ప్రోబులు పెడితే అర మిల్లీవోల్టు. కెపాసిటర్ పీకినా అంకె మారలేదు కాబట్టి తప్పు దానిది కాదు, ప్యాడ్ల మధ్య రాగిది. కత్తి మొనతో ఒక్క గీటు చాలు.

దీనికి ల్యాబ్ సప్లై అవసరం లేదు. 12 వోల్టుల బ్యాటరీకి సిరీస్‌లో 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెడితే చాలు. షార్ట్ ఉన్నంతసేపూ బల్బు నిండుగా వెలుగుతూ దాదాపు 1.75 ఆంపియర్ల దగ్గర కట్టడి చేస్తుంది, షార్ట్ తొలగగానే ఆరిపోతుంది. మిల్లీమీటరు గీత ఆ కరెంటును అంతగా వెచ్చబడకుండానే మోస్తుంది. అయితే షార్ట్ తొలగిన క్షణాన బోర్డుకు నిండు 12 వోల్టులు అందుతాయి. 5 వోల్టుల బోర్డుకు ఇది ముప్పు. దానికి 5 వోల్టుల, 2 ఆంపియర్ల ఫోను చార్జర్ వెనక ఎల్ఎం317 పెట్టి, 1.2 ఓముల రెసిస్టర్‌తో ఒక ఆంపియరుకు కట్టడి చేసుకోవచ్చు. రెసిస్టర్ రెండు వాట్లకు తగ్గకూడదు, ఎల్ఎం317కి హీట్ సింకు తప్పనిసరి.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. గ్రౌండ్‌ను సన్న గీతగా కాక వెడల్పాటి రాగి మైదానంగా వదిలిన బోర్డుల్లో అటువైపు తేడాలు మరీ చిన్నవి, ప్లస్ గీత వైపు నుంచే వెతుక్కోవాలి. రెండు షార్ట్‌లుంటే అంకెలు కలగాపులగమవుతాయి. ఒకటి తీశాకే రెండోది కనిపిస్తుంది. చెమ్మ లీకేజీ దీనికి అస్సలు చిక్కదు, దానికి కడిగి ఎండబెట్టడమే మందు.

పేల్చేయడం

'బ్యాటరీ తగిలించు, అదే కాలిపోతుంది' అనే సలహా ప్రతి షాపులో వినిపిస్తుంది. వెతికే శ్రమే లేకుండా లోపాన్ని మాయం చేస్తానంటుంది ఇది. విడిభాగాలు ఎక్కించని ఖాళీ బోర్డు మీద, పోగు వెంట్రుకంత సన్నగా ఉంటే పనిచేస్తుంది కూడా. అప్పుడైనా బ్యాటరీ నేరుగా పెట్టకూడదు. 12 వోల్టులకు చార్జ్ చేసిన 4700 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్‌లో ఉండేది మూడో వంతు జౌలు శక్తి. సన్న పోగును కరిగించడానికి అది ధారాళం, గీతను కాల్చడానికి చాలదు.

విడిభాగాలున్న బోర్డు మీద మాత్రం ఇది జూదం. అసలు షార్ట్ ఎక్కడో తెలియకుండా వదిలిన కరెంటు ఎటు పోతుందో కూడా తెలియదు. హైలం మాడితే నల్లటి బొగ్గు దారి మిగిలి, పాత షార్ట్ పోయి కొత్త లీకేజీ వస్తుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ పక్కనే ఉన్నవాడికి కాలిన ఐసీకి బదులు ఇంకొకటి పూటలో దొరుకుతుంది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. బోథ్‌లో పనిచేసేవాడు ఒక ఐసీ కాల్చుకుంటే కొరియర్ కోసమో, అటు వెళ్లే మనిషి కోసమో కూర్చోవాలి. అదే సలహాకు రెండు ఊళ్లలో రెండు ధరలు.

స్టార్టర్ డబ్బాలో వేరే లెక్క

ఇప్పటివరకూ చెప్పినదంతా 12 వోల్టుల లోపు మాట. మోటారు బోర్డులో ఒక పక్క 230 నుంచి 415 వోల్టులు తిరుగుతాయి. కరెంటు ఉండగా ఆ పక్కన ప్రోబులతో నడవడం ప్రాణాంతకం. మెయిన్స్ పూర్తిగా తీసి, కెపాసిటర్లు ఖాళీ చేశాకే ముట్టాలి. రిపేరు షాపుల్లో వాడే సిరీస్ బల్బు ఇక్కడ మంచి కాపలాదారు. 100 వాట్ల బల్బు సిరీస్‌లో ఉంటే, బోర్డు పూర్తిగా షార్ట్ అయినా 0.43 ఆంపియర్లకు మించి నిలకడగా పారదు. బల్బు నిండుగా వెలిగితే షార్ట్, ఒకసారి మెరిసి మసకబారితే సజావు. అయితే బల్బు బోర్డును కాపాడుతుందే గాని మనిషిని కాదు. షాకు అప్పుడూ కొడుతుంది.

డిజైన్‌లోనే మెయిన్స్ గీతలకూ తక్కువ వోల్టేజి గీతలకూ మధ్య కనీసం 6 మిల్లీమీటర్లు ఎడం ఉంచడం, రిలే కింద షీటుకు గాడి కోయడం, చివర్లో బోర్డుకు వార్నిష్ పూయడం అలవాటు కావాలి. డబ్బాలోకి చీమలు, బల్లులు దూరే పల్లెల్లో ఈ పూత సోకు కోసం కాదు.

ఏది ముందు, ఏది తర్వాత

పద్ధతులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి స్పష్టమవుతుంది. పుస్తకాలు, వీడియోలు ఎక్కువగా చెప్పే ఉపాయాలు ఫోను బోర్డులకు, కంపెనీ బోర్డులకు పుట్టినవి. వాటిలో బోర్డు తయారీ సరిగానే ఉండి, ఏదో విడిభాగం తర్వాత చెడుతుంది. అందుకే వేడి వెంట పోతే దొరుకుతుంది. ఇంటి బోర్డులో లోపం చాలావరకు విడిభాగాలు ఎక్కకముందే పుడుతుంది. ఫ్యాక్టరీలు ఈ సంగతి తెలిసే, విడిభాగాలు ఎక్కించక ముందే ఖాళీ బోర్డును సూదుల పరుపు మీద పెట్టి గీత గీతనూ పరీక్షిస్తాయి. ఇంట్లో చేసుకునేవాళ్లం వదిలేసేది సరిగ్గా ఆ మెట్టునే.

కాబట్టి వరస ఇది. ద్రావణం నుంచి తీసిన బోర్డును కడిగి, వెలుతురులో చూసి, ఒక్క కాలు కూడా సోల్డర్ చేయకముందే పక్కపక్క గీతలన్నింటి మధ్యా బీప్ పరీక్ష చేయాలి. బీప్ దండిగా పనికొచ్చే దశ అదే, మోసగించే ఐసీలు, కెపాసిటర్లు అప్పుడు బోర్డు మీద ఉండవు. అప్పుడు దొరికిన పోగుకు కత్తి గీటు చాలు. తర్వాత సప్లై భాగం, ఆపైన ఒక్కో భాగం ఎక్కిస్తూ ప్రతిసారీ ప్లస్, గ్రౌండ్ చూసుకోవాలి. ఇంత చేసినా షార్ట్ వస్తే ముందు జంపర్లు లేపాలి, ఆ తర్వాత మిల్లీవోల్టులతో నడవాలి. విడిభాగమే చెడిందని తేలితేనే వేడి. పేల్చడం ఖాళీ బోర్డుకు తప్ప దేనికీ వద్దు.

ఐటీఐ, పాలిటెక్నిక్ ల్యాబుల్లో మల్టీమీటరును బీప్ యంత్రంగా పరిచయం చేసి వదిలేస్తే ఈ విద్య సగమే అందినట్టు. రాగి గీత కూడా ఒక రెసిస్టరే అని, దాని మీద పడే వోల్టేజిని కొలవొచ్చని ఒక్క పూట చేసి చూపిస్తే చాలు. కావాల్సినవి బ్యాటరీ, ఇండికేటర్ బల్బు, చౌక మీటరు. ఈ మూడూ బోథ్ బజారులో ట్రాక్టర్లు, మోటార్లు బాగుచేసే ఏ షాపులోనైనా ఉండేవే. కొరత పరికరానిది కాదు, మీటరు నాబ్‌ను ఓముల నుంచి మిల్లీవోల్టులకు తిప్పాలన్న తెలివిడిది.